స్పర్శ లేని కాళ్లలో మంట, మాట తగ్గిపోయిన తమ్ముడు: వెన్నుపాము గాయం తర్వాత చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న
గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. మా తమ్ముడు గత వర్షాకాలంలో సెంటరింగు పని చేస్తూ శ్లాబు మీద నుంచి పడిపోయాడు. డి11 (వీపు భాగంలో పదకొండో వెన్నుపూస) దగ్గర ఎముక చితికి వెన్నుపాము నలిగిందని చెప్పి విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో రాడ్లు, స్క్రూలు బిగించి ఆపరేషన్ చేశారు. నడుము కింద కదలిక లేదు, గిల్లినా తెలియదు. ఇంటికి వచ్చిన కొత్తలో చేతుల వ్యాయామాలు చేయడం, మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారడం పట్టుదలగా నేర్చుకున్నాడు. చలికాలం మొదలైనప్పటి నుంచి రెండు అరికాళ్లలోనూ పిక్కల్లోనూ మంట పుట్టింది. కారం పూసినట్టు ఉందని, రాత్రిళ్లు ఉన్నట్టుండి జివ్వుమని షాకు కొడుతోందని చెప్పేవాడు. ఏమీ తెలియని కాళ్లలో మంట ఎలా ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లు అడిగాక ఆ మాట చెప్పడం కూడా మానేశాడు.

ఇప్పుడు ఫిజియోథెరపిస్టు వస్తే లోపలికి రానివ్వడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటాడు, సరిగా తినడు, సాయంత్రం స్నేహితులు జీలుగు కల్లు తెస్తే అది తాగి కాసేపు నిద్రపోతాడు. మొన్న అమ్మతో "ఆ రోజే పోయి ఉంటే మీ అందరికీ ఈ పాట్లు తప్పేవి" అన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇస్తున్న నొప్పి ఇంజెక్షన్లతో మంట ఏమాత్రం తగ్గడం లేదు. చూడడానికి వచ్చిన బంధువులు ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్తున్నారు. ఆపరేషన్ చేసిన చోట ఈ మంట గురించి గాని, మనసు గురించి గాని మాకు ఎవరూ చెప్పలేదు.

స్పర్శ లేని చోట నొప్పి నిజంగా ఉంటుందా? ఈ కుంగుబాటు నొప్పి తగ్గితే దానంతట అదే పోతుందా, లేక దానికి వేరే వైద్యం చేయించాలా? మా ప్రాంతం నుంచి ఎక్కడికి తీసుకువెళ్లడం మంచిది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు
పర్లాకిమిడి, వెన్నుపాము గాయంతో జీవిస్తున్న వ్యక్తి

చెల్లెమ్మా, మీ తమ్ముడి మంట నిజమైనది. ముందుగా ఈ మాటను ఇంట్లో పెద్దవాళ్లందరి ఎదుట అతనితో చెప్పండి. నాకు జీపు బోల్తా పడి డి9 దగ్గర గాయమై చాలా ఏళ్లయింది. మంట ఎంత బాధించిందో, చెప్తే నమ్మేవాళ్లు లేకపోవడమూ అంతే బాధించింది. కాళ్ల నుంచి మెదడుకు కబురు మోసే దారి గాయం దగ్గర తెగిపోయినప్పుడు, ఆ పైన ఉన్న నరకణాలు ఊరుకోకుండా అతిగా స్పందించడం మొదలుపెడతాయనీ, కింది నుంచి ఏ కబురూ రాకపోయినా మెదడుకు అది కాళ్లలో పుట్టిన మంటగానే తెలుస్తుందనీ నాకు వెల్లూరులో డాక్టరుగారు వివరించారు. పుట్టిన చోటు వెన్నుపాము, మెదడు అయినా అనుభవించే మనిషికి అది కాలి మంటే. గాయమైన వెంటనే కాకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక మొదలవడం కూడా మామూలే. వెన్నుపాము గాయమైనవారిలో మూడింట రెండు వంతుల మందికి ఏదో ఒక రకమైన దీర్ఘకాలపు నొప్పి ఉంటుందనీ, దాదాపు మూడో వంతు మందికి అది తీవ్రంగా ఉంటుందనీ వైద్యులు చెప్తారు. కాబట్టి మీ తమ్ముడు వింతగా ఏదో కల్పించుకుంటున్నాడని ఎవరూ అనుకోకూడదు.

నాకు మంట మధ్యాహ్నం వరకు ఓర్చుకోగలిగినంత ఉండి, పొద్దు వాలాక పెరిగేది. రాత్రి నిద్ర ఉండేది కాదు. నిద్ర లేకపోతే మరునాడు వ్యాయామం చేసే శక్తి ఉండదు, వ్యాయామం మానేస్తే కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న కొద్దీ నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగిన కొద్దీ బతుకు మీద ఆశ తగ్గుతుంది. ఇందులో ఏది ముందు ఏది వెనుక అని తేల్చుకుంటూ కూర్చోకుండా నొప్పికీ నిద్రకూ మనసుకూ ఒకేసారి వైద్యం మొదలుపెట్టడమే నాకు పనిచేసింది. నొప్పి తగ్గాక మనసు సంగతి చూద్దామనో, నడక వచ్చాక అన్నీ సర్దుకుంటాయనో ఆగవద్దు.

ఇంకొక విషయం సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఎందుకంటే మీ తమ్ముడు అక్క దగ్గర ఇది చెప్పుకోలేకపోవచ్చు. నేను గది దాటి బయటికి రాకపోవడానికి కదలని కాళ్లకన్నా మూత్రం పెద్ద కారణం. నలుగురిలో ఉన్నప్పుడు బట్టలు తడిస్తే ఏం చేయాలన్న భయంతో నీళ్లు తాగడం తగ్గించాను. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, ఒళ్లు బిగుసుకుపోయి, మంట మరింత పెరిగింది. శుభ్రంగా చేతులు కడుక్కుని, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి గొట్టం వేసుకుని మూత్రం తీసేసి మళ్లీ గొట్టం తీసేసే పద్ధతి నేర్చుకున్న తర్వాత నేను మొదటిసారి ధైర్యంగా సంతకు వెళ్లాను. చేతులు బాగా పనిచేసే డి11 గాయం ఉన్నవారు దీన్ని సొంతంగా చేసుకోగలరు. విరేచనానికి కూడా ప్రతిరోజూ ఒకే వేళ, భోజనమైన తర్వాత, డాక్టరు చెప్పిన మందు పెట్టుకుని కూర్చునే అలవాటు చేస్తే మిగిలిన రోజంతా ఆ దిగులు ఉండదు. మీ తమ్ముడికి ఇంకా మూత్రపు సంచీ తగిలించే ఉంచారో, లేక ఈ పద్ధతి నేర్పారో కనుక్కోండి. పెళ్లి గురించి, దాంపత్యం గురించి కూడా అతని మనసులో ప్రశ్నలు ఉంటాయి. వాటికి జవాబు చెప్పగలిగే డాక్టరు దగ్గర అతన్ని కాసేపు ఒంటరిగా ఉండనివ్వండి.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) పునరావాస కేంద్రంలో నేను మొదట నేర్చుకున్నది, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని. ఆ కేంద్రానికి పునాది వేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, ఆ తర్వాత తాను చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో ఆ కేంద్రం మొదలైంది. నాకు ఆమె కథకన్నా కూడా, పక్క మంచం మీద ఉన్న కొబ్బరిచెట్టు మీద నుంచి పడిన ఒక రైతు కుర్చీలోంచి కారులోకి మారడం చూడడమే ఎక్కువ మేలు చేసింది. మీ తమ్ముడికి కూడా అలాంటి మనిషిని ఒక్కరినైనా చూపించండి. అతను ఒప్పుకుంటే నేను వచ్చి మాట్లాడతాను. పర్లాకిమిడి నుంచి గుణుపురం రైలులో రావడం నాకు కష్టం కాదు.

మంట నాకు పూర్తిగా పోలేదు. మందులతో సగానికి తగ్గింది, ఫోన్ల మరమ్మతు పనిలో ఉన్నంతసేపు గుర్తుకు రాదు, రాత్రి నిద్రపడుతుంది. పూర్తిగా పోతుందని అతనికి ఎవరూ మాట ఇవ్వవద్దని కోరుతున్నాను. అలాగే మూలకణాలతో (స్టెమ్ సెల్స్) నడిపిస్తామని చెప్పి లక్షలు అడిగేవారి దగ్గరికి వెళ్లవద్దు. పరిశోధనకు బయట వెన్నుపాము గాయానికి ఆ చికిత్సకు మన దేశంలో అనుమతి లేదు.


జవాబు
బరంపురం, ఫిజియోథెరపిస్టు

పైన రాసిన పెద్దలు చెప్పినదంతా సరైనదే. నేను నొప్పి రకాల గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఏ రకమో తెలియకుండా మందు వేస్తే మీకు జరిగినట్టే డబ్బు పోతుంది, నొప్పి మిగులుతుంది.

గాయానికి కింద రెండు వైపులా మంట, తిమ్మిరి, షాకు లాంటి పోటు ఉంటే అది చాలావరకు నరాల నొప్పి. దీనికి డైక్లోఫెనాక్ వంటి ఇంజెక్షన్లు పనిచేయవు. పైగా వెన్నుపాము గాయం ఉన్నవారికి మూత్రాశయం ఇబ్బంది వల్ల మూత్రపిండాలకు అసలే ప్రమాదం ఉంటుంది, ఆ ఇంజెక్షన్లు తరచుగా వేస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వాటిని వెంటనే ఆపమని ఆర్‌ఎంపీ గారికి మర్యాదగానే చెప్పండి. నరాల నొప్పికి డాక్టర్లు ముందుగా ప్రీగాబలిన్ గాని గాబాపెంటిన్ గాని రాస్తారు, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ కూడా వాడతారు. చివరి రెండూ కుంగుబాటుకు కూడా వాడే మందులే గనుక, నొప్పీ దిగులూ కలిసి ఉన్నప్పుడు వాటిలో ఏది నప్పుతుందో డాక్టరు ఆలోచిస్తారు. అమిట్రిప్టిలిన్‌తో మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం ఎక్కువ కావచ్చు, ప్రీగాబలిన్‌తో మత్తు, తల తిరగడం, కాళ్ల వాపు రావచ్చు. ఏదైనా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు గనుక రెండు రోజుల్లో గుణం కనపడలేదని మానేయకూడదు. మానాల్సి వచ్చినా డాక్టరు చెప్పినట్టు క్రమంగానే తగ్గించాలి. కండరాల బిగుతుకు బాక్లోఫెన్ ఇచ్చి ఉంటే దాన్ని ఒక్కసారిగా ఆపడం మరీ ప్రమాదకరం. ఈ మందులు వాడుతూ కల్లు తాగితే మత్తు రెట్టింపై ఊపిరి మందగించవచ్చు. ఆ స్నేహితులతో మీరే మాట్లాడండి, వాళ్లను రావద్దనకండి, కల్లు తేవద్దని మాత్రం చెప్పండి. మందుల దుకాణంలో ట్రమడాల్ అడిగి కొనే అలవాటు మన వైపు ఎక్కువగా ఉంది, కుంగుబాటు మందులతో అది కలిస్తే మూర్ఛల వంటివి వచ్చే ప్రమాదముంది, కాబట్టి వాడుతున్నది ఏదైనా డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

నరాల నొప్పి ఉన్నట్టుండి పెరిగిందంటే దాని వెనుక వేరే కారణం ఉందేమో వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిండిపోయిన మూత్రాశయం, గట్టిపడిన మలం, కూర్చునే చోటో మడమ మీదో మొదలైన పుండు, లోపలికి పెరిగిన గోరు కూడా మంటను పెంచుతాయి. స్పర్శ లేని మనిషికి అసలు ఇబ్బంది ఎక్కడుందో తెలియదు, మంట పెరగడం ఒక్కటే తెలుస్తుంది. అందుకే రోజూ ఒకసారి అద్దం పెట్టి వెనుక భాగం, మడమలు చూడండి. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉన్నప్పుడు పావుగంటకో అరగంటకో ఒకసారి బరువు మార్చుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి వెచ్చగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, తొడ మొదట్లో వాచి తుంటి బిగిస్తే అక్కడ ఎముక పెరుగుతూ ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది కనపడినా కాలికి నూనె మర్దన ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గాయానికి పైన, స్పర్శ ఉన్న చోట కొత్తగా తిమ్మిరి గాని బలహీనత గాని వస్తే అది ఎంత కాలానికి వచ్చినా ఎంఆర్‌ఐ అవసరం పడవచ్చు.

ఒక హెచ్చరిక తప్పకుండా చేయాలి. ఇసుక మూటతో గాని, వేడినీళ్ల సంచీతో గాని ఆ కాళ్లకు కాపడం పెట్టవద్దు, ఎవరైనా పెద్దవాళ్లు వాతలు పెడితే తగ్గుతుందన్నా ఒప్పుకోవద్దు. చర్మం కాలుతున్నా అతనికి తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. అటువంటి పుండ్లతో వచ్చినవారిని నేను చూశాను.

ముందు ముందు భుజాల నొప్పి వస్తే దాని సంగతి వేరు. ఇకపై అతని నడకంతా చేతుల మీదే గనుక భుజాల మీద భారం పడి వచ్చేది, అది కండరాల నొప్పి, దానికి వ్యాయామంతోనూ కుర్చీ ఎత్తు సరిచేయడంతోనూ మంచి ఫలితం ఉంటుంది. ఫిజియోథెరపిస్టును రానివ్వకపోతే బలవంతం చేయకండి. పది నిమిషాలు చాలని, ఏ వ్యాయామమో అతన్నే ఎంచుకోమని చెప్పమని ఆ థెరపిస్టుతో మాట్లాడండి.

మన వైపు నుంచి వెళ్లదగినది, ఇటువంటి గాయాలతో పాటు ఇతర కదలిక లోపాలకు కూడా పునరావాసం చేసే ప్రభుత్వ సంస్థ కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ. అక్కడ ఉంచి నేర్పిస్తారు. అంత దూరం వెళ్లే లోపల ముందుగా బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, విశాఖపట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు గాని తీసుకువెళ్లి నరాల నొప్పికి మందు, మానసిక వైద్యుల సలహా ఒకే ప్రయాణంలో తీసుకోండి.


జవాబు
జయపురం, కొరాపుట్ జిల్లా, మానసిక వైద్య విభాగంలో నర్సు

"ఆ రోజే పోయి ఉంటే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అమ్మా, దయచేసి ఆ మాటను మామూలు విసుగుగా తీసుకోవద్దు. ఈ రోజే, ఇంట్లో ఇద్దరే ఉన్న సమయంలో, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలా చేయాలని కూడా అనుకున్నావా అని నేరుగా, మెత్తగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు గాని అది నిజం కాదు, అడిగిన తర్వాత బరువు దిగినట్టు మాట్లాడేవారినే నేను ఎక్కువగా చూశాను. పొలం మందు డబ్బాలు, నిద్రమాత్రలు, మిగిలిన నొప్పి బిళ్లలు అతని చేతికి అందని చోట తాళం వేసి ఉంచండి. వారం మందులు ఒకేసారి అతని దగ్గర పెట్టకుండా ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. అతను మాట్లాడనంటే ముందుగా మీరే మాట్లాడండి. ఎలా చేయాలో కూడా అనుకున్నానని అతను చెప్తే మాత్రం ఒంటరిగా వదలకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.

మీ రెండో ప్రశ్నకు జవాబు: కుంగుబాటుకు దాని వైద్యం దానికి కావాలి. కాళ్లు పోయినవాడు దిగులుగా ఉండక ఏం చేస్తాడని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్య సిబ్బంది కూడా అనుకుని వదిలేయడం వల్లనే చాలామందికి ఆ వైద్యం అందడం లేదు. వెన్నుపాము గాయమైనవారిలో సుమారు 22 శాతం మందికి కుంగుబాటు వ్యాధి ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. మామూలు జనంలో కన్నా ఇది చాలా ఎక్కువే, అయినా మిగిలిన అధికసంఖ్యాకులకు ఆ వ్యాధి లేదన్నది కూడా అంతే నిజం. గాయం ఎంత పైన ఉంది, ఎంత పెద్దది అన్నదానికన్నా నొప్పి ఎంత ఉంది, తోడు ఎంత ఉంది అన్నదానితో కుంగుబాటుకు ఎక్కువ సంబంధం కనిపిస్తుంది. అంటే మనం మార్చగలిగినవి ఇందులో ఉన్నాయి.

ఒక చిక్కు ఉంది. నిద్ర లేకపోవడం, నీరసం, ఆకలి తగ్గడం గాయం వల్లా రావచ్చు, నొప్పి వల్లా రావచ్చు, కుంగుబాటు వల్లా రావచ్చు. కాబట్టి వాటికన్నా ముందు ఇష్టమైనదేదీ ఇష్టంగా లేకపోవడం, తాను ఎవరికీ పనికిరానన్న భావన, ఇంటివాళ్లకు భారమయ్యానన్న నేరభావన రెండు వారాలకు మించి రోజంతా ఉంటున్నాయా అన్నది గమనించాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ తమ్ముడిలో ఇవి ఉన్నట్టున్నాయి, నిర్ధారణ మాత్రం వైద్యులే చేయాలి. కుంగుబాటు మందుల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వీటికి బానిసవుతారన్న మాట నిజం కాదు, అయితే మానేటప్పుడు క్రమంగా మానాలి. మందుతో పాటు మాటల ద్వారా చేసే చికిత్సలో నొప్పి పెరిగినప్పుడు వచ్చే ఆలోచనలను ఎలా ఎదుర్కోవాలో నేర్పుతారు. ఆ చికిత్స చేసేవారు ఒడియాలో మాట్లాడేవారైతే, తమ్ముడికి ఒడియా వచ్చినా సరే, ఇటువంటి సంగతులు తెలుగులో చెప్పుకునే వీలు అడగండి.


జవాబు
రాయగడ, భార్యగా సేవ చేస్తున్న మహిళ

మా ఆయనకు కూడా ఇటువంటి గాయమే. అందరూ మీ తమ్ముడి గురించి రాశారు, నేను మీ అమ్మగారి గురించి రాస్తున్నాను. రాత్రి రెండు గంటలకొకసారి లేచి పక్క మార్చేది ఆమే అయితే ఆమెకు నిద్ర ఉండదు, ఆ మాట విన్నది కూడా ఆమే. రాత్రులను ఇంట్లో పంచుకోండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం 40 శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం తీసుకుని యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకు దరఖాస్తు చేయండి, ఆ తర్వాత ఒడిశా ప్రభుత్వపు మధుబాబు పింఛను కోసం బ్లాకు ఆఫీసులో అడగండి. మా ఇంట్లో పింఛను వచ్చిన రోజు నుంచి ఆయన సొంత ఖర్చుకు నన్ను అడగనవసరం లేకపోయింది, ఆయన మాట తీరులోనే తేడా వచ్చింది.


ప్రశ్న అడిగినవారు
గుణుపురం

మీ అందరికీ నమస్కరిస్తున్నాను. జయపురం అక్కగారు చెప్పినట్టు నేరుగా అడిగాను. ఆలోచన వస్తోందని, ఎలా అన్నది మాత్రం అనుకోలేదని చెప్పి చాలాసేపు ఏడ్చాడు. పొలం మందులు పెదనాన్నగారి ఇంటికి పంపించేశాము. 14416కు నేను ఫోన్ చేశాను, మర్నాడు తనే మాట్లాడాడు. నాన్న అతని మంచం పక్కన కూర్చుని, నీ మంట నిజమేనని చెప్పారు. మూత్రపు గొట్టం ఆపరేషన్ అయినప్పటి నుంచి అలాగే ఉంది, వేరే పద్ధతి ఎవరూ నేర్పలేదు. వచ్చే సోమవారం బరంపురం తీసుకువెళ్తున్నాము. పర్లాకిమిడి అన్నయ్యగారు తప్పకుండా రావాలని తమ్ముడే అడిగాడు. డాక్టరుగారికి ఏమేం చెప్పాలో దయచేసి రాయండి, అక్కడ రద్దీలో అన్నీ మరచిపోతామని భయంగా ఉంది.


జవాబు
బరంపురం, ఫిజియోథెరపిస్టు

అమ్మా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, అదీ మీ తమ్ముడి చేతే రాయించండి. మంట ఎక్కడ, ఏ వేళ ఎక్కువ, సున్నా నుంచి పది వరకు లెక్కలో ఎంత, దేనివల్ల పెరుగుతోంది, దేనివల్ల తగ్గుతోంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపడుతోంది అన్నది ఈ నాలుగు రోజులూ రాస్తే చాలు. కల్లు సంగతి, చనిపోవాలన్న ఆలోచన సంగతి కూడా అందులో ఉండాలి, నోటితో చెప్పలేకపోయినా కాగితం చెప్తుంది. గొట్టం తీసేసి గంటల ప్రకారం మూత్రం తీసే పద్ధతి అతనికి కుదురుతుందా అన్నది విడిగా అడగండి. దానికి ముందు మూత్ర పరీక్ష, కడుపు స్కానింగు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు గనుక పాత రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, ఎంఆర్‌ఐ ఫిల్ము, ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ సంచిలో పెట్టుకోండి. ప్రయాణంలో కుర్చీ కింద మెత్తటి దిండు వేసి, దారిలో బరువు మార్చుకుంటూ ఉండమని గుర్తు చేయండి.